ఏరుకున్న రాయి

స్కాట్లండు పడమటి తీరాన ఈస్‌డేల్ అనే చిన్న దీవిలో ఏటేటా నీటి మీద రాళ్ళు గెంతించే ప్రపంచ పోటీలు జరుగుతాయి. 2025లో జరిగిన పోటీల్లో కొందరు తమ రాళ్ళను ముందుగానే గుండ్రంగా అరగదీసి తెచ్చుకున్నారనీ, అడిగేసరికి ఒప్పుకుని క్షమాపణ చెప్పుకున్నారనీ, నిర్వాహకులు వాళ్ళను పోటీ నుంచి తప్పించారనీ పత్రికలు రాశాయి. చెరువుగట్టున పిల్లలు ఆడుకునే ఆటకు ప్రపంచ పోటీ ఏమిటి, అందులో మళ్ళీ మోసమేమిటి, దాని మీద విచారణేమిటి అని చదివినవాళ్ళు నవ్వుకునే ఉంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పదకొండేళ్ళ వయసులో నేను చేసిన మోసం అచ్చంగా అదే, పట్టుబడిన తీరూ దాదాపు అదే.

మాది మార్కాపురం. రేకు పలకలూ ప్లాస్టిక్ పలకలూ రాకముందు అ ఆలు దిద్దుకున్న తెలుగువాళ్ళలో చాలామంది ఒళ్ళో పెట్టుకున్న రాతిపలక మా ఊరి చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చిందే. గనిలోంచి తెచ్చిన బండను పొరల వెంబడి ఉలితో విడదీసి, కొలతకు కోసి, నీళ్ళు చల్లుతూ అరగదీసి, నాలుగు వైపులా చెక్క చట్రం బిగిస్తే పలక తయారవుతుంది. ఆ పనిలో ఎంత పలక బయటికి వెళ్ళేదో అంతకు మించిన రాయి ముక్కలైపోయేది. మూల విరిగినవీ, పొర ఊడినవీ, మధ్యలో బీట వారినవీ ఫ్యాక్టరీ వెనక గుట్టగా పోసేవాళ్ళు. మా మేనమామ ఒక పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు కాబట్టి ఆ గుట్ట మీదికి వెళ్ళే హక్కు నాకూ, నా వెంట వచ్చే నలుగురైదుగురికీ ఉండేది. అక్కడ జేబులు నింపుకుని చెరువుగట్టు మీదికి పోయేవాళ్ళం.

ఆటను మేము కప్పగంతులు అనేవాళ్ళం. రాయి నీటిని తాకి ఎగిరిన ప్రతిసారీ ఒక గంతు. చివర్లో వేగం తగ్గి, నీటి మీద చిటికెలు వేసినట్టు దగ్గరదగ్గరగా పడే వాటికి పిల్లకప్పలని పేరు పెట్టుకున్నాం. వాటిని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న జగడం మాత్రం ఏ సాయంత్రమూ తెగలేదు.

విసరడం కంటే ఏరడానికే ఎక్కువ సేపు పట్టేది. పప్పుచెక్కంత మందం ఉండాలి. అంతకంటే పలచనైతే గాలికి తిరగబడుతుంది, మందమైతే రెండో గంతుకే బుడుంగుమంటుంది. వేలి కణుపుతో తట్టి చూస్తే ఖంగుమనాలి, మొద్దుగా పలికితే లోపల బీట ఉన్నట్టే, నీటిని తాకగానే రెండుగా విడిపోతుంది. చూపుడు వేలు కొనతో తోయడానికి అంచున ఒక చిన్న మూల దొరకాలి, ఎందుకంటే రాయికి తిరుగుడు వచ్చేది అక్కడినుంచే. పలక అంచు బ్లేడు లాంటిది కాబట్టి ఆ మూల మరీ పదునుగా ఉండకూడదు. నా కుడిచేతి చూపుడు వేలికి మొదటి గీత దగ్గర ఇప్పటికీ ఒక తెల్లటి మచ్చ ఉంది. ఇవన్నీ ఎవరూ వరసగా కూర్చోబెట్టి నేర్పలేదు. గుట్ట మీద గొంతుక్కూర్చుని, ఒక్కో ముక్కనూ అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, పారేసి, ఇంకోటి తీసుకుని, మోకాళ్ళ దాకా బూడిదరంగు పొడి అంటించుకుంటే కొన్ని నెలలకు చేతికి తెలిసింది.

నా లెక్క ఆరు దగ్గర ఆగిపోయింది. మాలో ఒకడు, నాకంటే ఏడాది చిన్నవాడు, తొమ్మిది దాటించేవాడు. వాడు వెళ్ళినన్ని రోజులు నేనూ గుట్ట మీదికి వెళ్ళాను, వాడు వంగినంత కిందికి నేనూ వంగాను, అయినా ఆరు ఏడు కాలేదు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. పలకలు అరగదీసే చోట పనిచేసే ఒకాయనను బతిమాలి, మంచి మందమున్న నాలుగు ముక్కల్ని నా బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య సరిపోయే కొలతకు గుండ్రంగా కోయించి, అంచులు నున్నగా చేయించుకున్నాను. ఆయన నవ్వుతూ, మధ్యాహ్నం అన్నాల వేళ చేసిపెట్టాడు. ఆ సాయంత్రం మొదటి బిళ్ళ పదకొండు గంతులు వేసింది, పిల్లకప్పలు కాకుండానే. రెండోది తీస్తుంటే ఆ తొమ్మిదివాడు నా చెయ్యి పట్టుకుని, బిళ్ళ లాక్కుని, అంచు మీద బొటనవేలు ఒక చుట్టు తిప్పి చూశాడు. “ఇది ఏరింది కాదురా, చేయించింది. ఇది చెల్లదు,” అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అరగదీయకూడదని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చూపించండి అన్నాను. నిజానికి అలాంటి నిబంధన ఏదీ మా మధ్య లేదు. వారం రోజులు వాదించాను, నా వాదన బాగానే ఉందని ఇప్పటికీ అనుకుంటాను, కానీ వాళ్ళు వాదనలో గెలవవలసిన అవసరం లేకుండానే నన్ను ఆటలోకి రానివ్వడం మానేశారు. మిగిలిన బిళ్ళలు ఒంటరిగా విసిరేసి, తరువాతి వారం మామూలు ముక్కలతో వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ తీర్పు సరైనదని ఇంత కాలానికి నేనే వాదించబోతున్నాను, వాళ్ళు చెప్పకుండా వదిలేసిన కారణాలతో.

ఈస్‌డేల్ సంగతి మళ్ళీ చూద్దాం, ఎందుకంటే ఆ దీవి కథ మా ఊరి కథకు దగ్గర చుట్టం. అదీ పలకరాయి ఊరే. ఆ దీవిలో తవ్విన రాయి ఒకప్పుడు ఇళ్ళ పైకప్పులకు ఎక్కడెక్కడికో ఓడల్లో పోయేది. 1881లో వచ్చిన పెద్ద తుపానుకు సముద్రం గనుల్లోకి పొంగి వాటిని ముంచేసింది. ఇప్పుడు పోటీ జరిగేది అలా నీళ్ళు నిండిన ఒక గనిలోనే. 1983లో మొదలై, మధ్యలో ఆగి, 1997లో మళ్ళీ మొదలైన ఈ పోటీలో ఒక్కొక్కరికి మూడు విసుర్లు. రాయి కనీసం రెండు గంతులు వేయాలి, అది మునిగేలోపు ఎంత దూరం పోయిందన్నదే లెక్క, గంతులు ఎన్నన్నది కాదు. రాయి ఆ దీవి పలకరాయే అయి ఉండాలి, సహజంగా ఏర్పడిన ఆకారంలోనే ఉండాలి, 3 అంగుళాల వెడల్పు దాటకూడదు. ఆ కొలతకు వాళ్ళ దగ్గర ఒక కడియం లాంటిది ఉంటుంది, రాయి అందులోంచి దూరాలి. 2025లో అనుమానం వచ్చిన రాళ్ళు దూరకపోవడం వల్ల కాదు, ఆ కడియంలో పలకకు చట్రం బిగించినట్టు మరీ సరిగ్గా పట్టడం వల్ల పట్టుబడ్డాయి.

ఈ వార్త గురించి మాట్లాడుకుంటున్నప్పుడు నాతో పనిచేసే ఒక ఇంజనీరు మిత్రుడు తేలిగ్గా తీసిపారేశాడు. ఆయన చెప్పింది ఇది. క్రికెట్ బంతిని ఎవరూ చెట్టు మీంచి కోసుకురారు, గోళీని ఏట్లో ఏరుకోరు, షటిల్‌కాక్ కూడా ఫ్యాక్టరీలోనే పుడుతుంది. అందరికీ ఒకే బరువు, ఒకే కొలత ఉన్న బిళ్ళ ఇస్తే అప్పుడే చేతి నైపుణ్యం తేలుతుంది, లేకపోతే మంచి రాయి దొరికినవాడి అదృష్టం గెలుస్తుంది. పైగా మీ చిన్నప్పటి తొక్కుడుబిళ్ళ మాటేమిటి, ఆడపిల్లలు దాన్ని అరుగు మీద రుద్ది రుద్ది నున్నగా చేసుకునేవాళ్ళు కదా, అది మోసమని ఎవరైనా అన్నారా అని అడిగాడు.

ఆ చివరి ప్రశ్న నన్ను రెండు రోజులు ఇబ్బంది పెట్టింది. తొక్కుడుబిళ్ళ కూడా విరిగిన పెంకే, అదీ ఏరుకున్నదే, దాన్ని రుద్దుకోవడం నిజంగానే ఆటలో భాగం. తేడా ఎక్కడుందంటే, ఆ బిళ్ళ ఆట అయ్యాక కూడా చేతిలో ఉంటుంది. రేపు ఉంటుంది, ఎండాకాలం సెలవులంతా గూట్లో ఉంటుంది, దాని మీద పడ్డ శ్రమ దానితోపాటే నిలుస్తుంది. గోళీ అంతే, బంతి అంతే. కప్పగంతుల రాయి ఒక్కసారికే. అది బాగా పోయినా మునుగుతుంది, చెడిపోయినా మునుగుతుంది. కాబట్టి ప్రతి విసురుకూ ముందు మనిషి మళ్ళీ నేల వైపు వంగాలి, మళ్ళీ వెతకాలి, మళ్ళీ ఎంచాలి. పరికరం ఒకటి సంపాదించుకుని దానితో ఆడుతూ పోయే ఆటల్లో ఎంపిక ఒకసారి జరిగి పక్కకు తప్పుకుంటుంది. ఇక్కడ ఎంపిక ప్రతి విసురులోనూ సగం. సంచీ నిండా ఒకే రకం బిళ్ళలు వేసుకుని గట్టు మీద నిలబడ్డవాడు ఆటలో సగం ఇంట్లోనే ముగించుకుని వచ్చాడు, ఆ సగం కూడా తన చేత్తో కాదు, యంత్రం చేత్తో. నేను పదకొండు గంతులు వేయించిన రోజున చెరువు దగ్గర నేను ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. ఆ తొమ్మిదివాడికి అనుమానం రావడానికి అదే కారణమై ఉంటుంది.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదనడానికి చాలా పాత సాక్ష్యం ఒకటి ఉంది. సుమారు 1800 ఏళ్ళ కిందట మినూకియస్ ఫెలిక్స్ అనే లాటిన్ రచయిత తన ‘ఆక్టేవియస్’ అనే పుస్తకంలో, రోము దగ్గరి ఓస్టియా సముద్రపు ఒడ్డున ముగ్గురు స్నేహితులు నడుస్తూ, మతం మీద పెద్ద వాదనకు దిగబోయే ముందు, అక్కడ ఆడుకుంటున్న పిల్లల దగ్గర ఆగిపోవడం వర్ణించాడు. ఆటను ఆయన వివరించిన క్రమం గమనించదగ్గది. అలల రాపిడికి నున్నబడ్డ పెంకును ఒడ్డున ఏరుకోవడంతో మొదలుపెడతాడు, దాన్ని బల్లపరుపుగా వేళ్ళతో పట్టుకోవడం, వీలైనంత కిందికి వంగి అలల మీదుగా తిప్పి విసరడం ఆ తరువాత వస్తాయి. ఎవరి పెంకు ఎక్కువ దూరం పోయి, ఎక్కువసార్లు ఎగిరితే వాడు గెలిచినట్టు. అంటే గంతులా దూరమా అన్న తగువును ఆ పిల్లలు రెండూ కలిపి తీర్చుకున్నారు. నున్నగా చేసే పని అలలది, ఏరే పని పిల్లలది. ఆయన వాడిన లాటిన్ మాట ‘టెస్టా’కు కుండపెంకు అనీ గుల్ల అనీ రెండర్థాలూ ఉన్నాయి. మన ‘పెంకు’ కూడా అలాంటిదే, కుండకూ గుడ్డుకూ ఒకే మాట. ఏరడానికి ఆయన వాడిన క్రియకు లాటిన్‌లో చదవడం అని కూడా అర్థం. తెలుగులో ఆ యోగం ఇంకో రకంగా పట్టింది, పారేదీ ఏరే, మనం చేసేదీ ఏరడమే.

శాస్త్రం ఇంజనీరు మిత్రుడి వైపున ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఫ్రాన్సుకు చెందిన లిడెరిక్ బొకే అనే భౌతికశాస్త్రవేత్త, రాయి ఎందుకు గెంతుతుందని తన చిన్న కొడుకు అడిగిన ప్రశ్న వల్ల ఈ లెక్కలో పడ్డాడు. 2003లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం, రాయి నీటిని తాకిన ప్రతిసారీ తన ముందుకుపోయే శక్తిలో దాదాపు ఒకే మోతాదు పోగొట్టుకుంటుంది. అందుచేత గంతుల సంఖ్య వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వేగం రెట్టింపైతే గంతులు నాలుగింతలు కావాలి. గంతుల మధ్య దూరం మొదట్లో మెల్లగా తగ్గి చివర్లో ఒక్కసారిగా కుంచించుకుపోతుందని కూడా అదే లెక్క చెబుతుంది. మా పిల్లకప్పలు ఎక్కడినుంచి వచ్చాయో అలా తెలిసింది, వాటిని గంతులుగా లెక్కించాలని వాదించినవాళ్ళే సరైనవాళ్ళని కూడా తేలింది, అందులో నేను లేను. ఇక తిరుగుడు ఎందుకంటే, బొంగరం తిరుగుతున్నంతసేపు ఒరగనట్టే, తిరిగే రాయి నీటి దెబ్బకు తన వాలును పోగొట్టుకోదు. ఆ తరువాత 2004లో ఆయనా, మరో ఇద్దరూ అల్యూమినియం బిళ్ళలను యంత్రంతో నీటి మీదికి విసిరి, రాయి తలానికీ నీటి తలానికీ మధ్య సుమారు 20 డిగ్రీల వాలు ఉన్నప్పుడు గంతు అన్నిటికంటే తేలిగ్గా వస్తుందని చూపించారు. రాయి నీటిని తాకి ఉండే సమయం ఆ వాలులోనే తక్కువ. నేరుగా బల్లపరుపుగా విసరాలని మేము అనుకునేవాళ్ళం. ముందు అంచు కొంచెం పైకి లేచి ఉండాలి.

చూశారా, వాళ్ళు వాడింది ఒకే కొలత బిళ్ళలే కదా అని మిత్రుడు అంటాడు. అవును, ప్రయోగశాలకు అదే కావాలి. వాలు వల్ల ఏమవుతుందో తెలియాలంటే రాయి మాట్లాడకుండా ఉండాలి, అందుకని రాళ్ళ మధ్య తేడాలను చెరిపేశారు. ఆట కోరేది దానికి తలకిందులు. రాయి మాట్లాడితే ఏమవుతుందో కూడా ఈ మధ్య లెక్కగట్టారు. 2023లో ఇంగ్లండులో ఇద్దరు గణితవేత్తలు, రాయన్ పామర్, ఫ్రాంక్ స్మిత్, రాయి బరువూ అడుగు భాగపు ఒంపూ మారితే ఏమవుతుందని చూశారు. బరువైన రాయికి అడుగున తగినంత ఒంపు ఉంటే అది మునగవలసిన చోట మునగకుండా, నీటిలోకి లోతుగా దిగి, ఒక్కసారిగా పెద్ద ఎత్తున లేచి దూకగలదని తేలింది. పలచటి చదును రాయి మెత్తగా చాలాసార్లు గెంతుతుంది, బంగాళాదుంపలా ఉన్నది ఒక్కటే గంతు వేసినా చూసినవాడు నోరు తెరుస్తాడు. అంటే ఏ రాయి మంచిదన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు, ఎలాంటి గంతు కావాలన్న దాన్ని బట్టి, ఆ పూట నీరు ఎలా ఉందన్న దాన్ని బట్టి, విసిరే చెయ్యి ఎంతదన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. అందరికీ ఒకే బిళ్ళ ఇస్తే న్యాయం జరుగుతుందన్న మాట ఇక్కడే దెబ్బతింటుంది. ఆ బిళ్ళ ఎవరి చేతి కొలతకు చేయాలి? ఎనిమిదేళ్ళ పిల్లదాని చేతికి సరిపోయేది ఆరడుగుల మనిషి వేళ్ళ మధ్య నిలవదు. గుట్ట మీద అయితే ఇద్దరికీ సరిపోయేవి పక్కపక్కనే పడి ఉంటాయి.

గంతుల రికార్డు ఉన్న మనిషిని చూసినా ఇదే తెలుస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2013 సెప్టెంబరు 6న కర్ట్ స్టైనర్ అనే ఆయన ఒక్క విసురుకు 88 గంతులు వేయించాడు. అంతకు ముందు రికార్డు 65. కంటికి అందే లెక్క కాదు కాబట్టి వీడియో ఆపి ఆపి లెక్కపెట్టారు. ఆ మనిషి గురించి రాసినవాళ్ళందరూ ఆయన చేతి గురించి ఎంత రాశారో ఆయన రాళ్ళ గురించీ అంతే రాశారు. సరస్సుల ఒడ్డున వేల రాళ్ళు ఏరి, రకాలుగా వేరుచేసి పెట్టుకునే మనిషి ఆయన. దూరంలో రికార్డు స్కాట్లండుకు చెందిన డూగీ ఐజక్స్‌ది, 2018లో వేల్స్‌లోని ఒక సరస్సు మీద 121.8 మీటర్లు. ఆ సంఖ్యలు విన్నప్పుడు నాకు మా చెరువు గుర్తొచ్చి చిన్నతనం వేసింది, అది వేరే సంగతి.

చేసిన రాయిని దాని చివరిదాకా తీసుకెళితే ఏమవుతుందో చరిత్రలో ఒకసారి జరిగింది. బార్న్స్ వాలిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు తొట్టెలోని నీటి మీద గోళీలు గెంతించి చూసి, ఆ సూత్రంతోనే నీటి మీద గెంతుతూ పోయి ఆనకట్టను తాకే బాంబును తయారు చేశాడు. నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిప్పి వదిలిన పీపాల్లాంటి ఆ బాంబులు 1943 మే 16 రాత్రి, తెల్లవారితే 17, జర్మనీలో రెండు పెద్ద ఆనకట్టలను కూల్చాయి. దాడికి వెళ్ళిన 133 మంది విమాన సిబ్బందిలో 53 మంది చనిపోయారు, వరదలో పోయినవాళ్ళు వెయ్యికి పైనే. ఇది ఆట కాదు కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పను. రాయి బరువూ, ఆకారమూ, తిరుగుడూ అన్నీ ముందే తేల్చుకోవలసిన అవసరం ఎలాంటి పనికి వస్తుందో చూపించడానికి మాత్రమే ప్రస్తావించాను.

నా వాదనలో ఒక బలహీనత ఉంది, దాన్ని నాకు చూపించింది కోనసీమ నుంచి వచ్చిన ఒక స్నేహితురాలు. మీ గుట్ట కథ బాగానే ఉంది గానీ మా ఊళ్ళో రాయి ఎక్కడుంది అని ఆమె అడిగింది. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు నేలలో గజం లోతు తవ్వినా గులకరాయి దొరకదు. ఏరుకోవడమే ఆటంటే ఏరుకోవడానికి ఏమీ లేనివాళ్ళు ఆడకూడదా? ఏరుకుంటే అందరికీ సరిపోయేది దొరుకుతుందని నేను గొప్పగా అంటున్నాను గానీ, మేనమామ ఫ్యాక్టరీలో పనిచేయకపోతే నాకు మాత్రం ఆ గుట్ట దక్కేదా? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా ఆమే ఇచ్చింది. వాళ్ళు కాలవగట్టున ఆడింది కుండపెంకులతో, అవి దొరకనప్పుడు పాత ఇంటి కప్పు మీంచి జారిపడ్డ బంగాళాపెంకు ముక్కలతో. కుండ మెడ దగ్గరి పెంకు ఒంపుగా ఉంటుంది, పనికిరాదు. కడుపు దగ్గరిది పెద్దకుండదైతే దాదాపు చదునుగా ఉంటుంది, అది శ్రేష్ఠం. పాలకుండ పెంకు మీద మసి, జిడ్డు వేళ్ళకు అంటి జారుతుంది. ఎవరింట్లో కుండ పగిలిందో పిల్లలకు ముందు తెలిసేదట. ఈ వివరాలు వింటున్నప్పుడు నాకు ఓస్టియా పిల్లలు గుర్తొచ్చారు. పారేసిన పెంకు, నీటి ఒడ్డు, వంగి వెతికే పిల్లలు ఉంటే చాలు, రాతినేల ఉండనక్కర లేదు.

ఇప్పుడు ఆ పెంకులే లేవు. స్టీలు బిందె సొట్టపోతుంది గానీ పగలదు, ప్లాస్టిక్ బిందె పగిలినా దాని ముక్క నీటి మీద తేలుతుంది. నేను ఉండే హైదరాబాదులో రాళ్ళకు కొదవలేదు, కానీ అవి నల్లరాతి గుండ్లు. ఎండకూ వానకూ అరిగి మరింత గుండ్రమవుతాయే తప్ప పొరలుగా విడవవు, పగలగొడితే కంకర వస్తుంది. కట్టుబడి జరిగే ఇళ్ళ ముందు తాండూరు బండల ముక్కలు పోసి ఉంటాయి, వాటిలో వెతికితే నాలుగు మంచివి దొరుకుతాయి. అవి జేబులో వేసుకుని వెళితే చెరువు చుట్టూ ఇనుప కంచె, కంచె దాటితే గుర్రపుడెక్క. మా పిల్లలకు ఈ ఆట రాదని పెద్దవాళ్ళు నిట్టూరుస్తుంటారు. ఫోన్ల మీద నెపం వేయడం తేలిక. విసరడానికి నాలుగు గజాల తేటనీరూ, ఏరడానికి ఒక చెత్తగుట్టా మిగల్చకుండా పిల్లల్ని అనడం నాకు నచ్చదు.

అలాంటప్పుడు బజారులో బిళ్ళలు అమ్మితే తప్పేమిటని అనిపిస్తుంది. నాకూ ఒక క్షణం అనిపించింది. ప్యాకెట్టుకు ఇరవై బిళ్ళలు అమ్మడం మొదలుపెడితే కొనగలిగినవాడు ఇరవైసార్లు విసురుతాడు, లేనివాడు చూస్తాడు. కొన్న వస్తువును నీళ్ళలో పారేయడానికి మనసొప్పక, దారం కట్టి వెనక్కి లాగే బిళ్ళ కూడా ఒకటి వస్తుంది. పగిలిన పెంకుకు ధర లేదు కాబట్టే దాన్ని అంత నిశ్చింతగా ముంచగలిగాం. ఫ్యాక్టరీ వెనక ఉన్న ముక్కను ఎవరూ లెక్కపెట్టలేదు, నా గుండ్రటి బిళ్ళల మీద మాత్రం ఒక మనిషి అన్నం వేళ పడింది. మిగిలిన మూడూ ఒంటరిగా విసిరిన రోజున నాకు ఆ సంగతే మనసులో మెదిలింది. ఒక్కోటీ ఎన్ని గంతులు వేసిందో లెక్కపెట్టలేదు.

ఆ తరువాత ఏడాదో రెండేళ్ళకో వానలు ముఖం చాటేశాయి. కంభం చెరువు వందల ఏళ్ళ కిందట, విజయనగర రాజుల కాలంలో, రెండు కొండల నడుమ కట్టిన చెరువు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించిన ఆ పెద్ద చెరువులోనే నీరు అడుగంటిందని చెప్పుకునేవాళ్ళు. ఇక మా ఊరి చెరువు ఎంత? వేసవి నడిమికి గట్టు కింద నేల బయటపడి, ఎండి, నెర్రెలు విచ్చింది. ఆ నెర్రెల మీద, గట్టు నుంచి యాభై అరవై అడుగుల అవతల మొదలై చెరువు లోపలికి పట్టీలా, పలక ముక్కలు పరుచుకుని కనిపించాయి. మేము విసిరినవీ, మా ముందు ఎందరో విసిరినవీ. గట్టుకు దగ్గరగా గుంపుగా, దూరం పోయేకొద్దీ పలచగా ఉన్నాయి. ఏ రోజు జగడంలో ఎవడు ఎంత అబద్ధమాడాడో నేల మీద రాసి పెట్టినట్టుంది. అందరం అక్కడ దిగి ఏరడం మొదలుపెట్టాం. బురదలో నానిన అంచులు మొద్దుబారాయి, వేలు తెగే భయం లేదు, గుట్ట మీది ముక్కలకంటే ఇవే బాగున్నాయి.

నా బిళ్ళ ఒకటి అందులో దొరికింది, కానీ నాకు కాదు. మాలో అందరికంటే చిన్నవాడు, ఎనిమిదేళ్ళవాడు, దాన్ని నెర్రెలోంచి కర్రపుల్లతో తీసి, నిక్కరుకు తుడుచుకుని జేబులో వేసుకున్నాడు. అది చెల్లదని నేనే అరిచాను. “నేను దీన్ని ఇక్కడ ఏరుకున్నానన్నా,” అన్నాడు వాడు. తొమ్మిదివాడు కాసేపు ఆలోచించి, ఏరుకున్నాడు కాబట్టి చెల్లుతుందని తీర్పు చెప్పాడు. ఈస్‌డేల్‌లో అయితే ఆ బిళ్ళను కడియం దగ్గరే ఆపేసేవాళ్ళు, ఎవరిది సరైన తీర్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఏడు కార్తీకంలో చెరువుకు నీళ్ళొచ్చాక వాడు దాన్ని దాచిపెట్టిన చోటినుంచి తెచ్చి విసిరాడు. నా వేళ్ళ కొలతకు చేయించిన బిళ్ళ, వాడి గుప్పిట్లో సరిగా పట్టలేదు. మూడో గంతుకు మునిగింది.